ఊపిరితిత్తి క్యాన్సర్ స్లైడ్ల పునఃపరిశీలన సేవ: ఒక సమీక్ష

ఊపిరితిత్తి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన తరువాత ఆసుపత్రి ఇచ్చిన పాథాలజీ రిపోర్టు మీద రెండో అభిప్రాయం కావలసినవారి కోసం, స్లైడ్లనూ (కణితి కండ పలుచటి పొరలున్న గాజు పలకలు) మైనపు బ్లాకులనూ (ఆ కండను మైనంలో భద్రపరిచినవి) కొరియర్‌లో తెప్పించుకుని మళ్లీ పరిశీలించి రిపోర్టు ఇచ్చే ఒక హైదరాబాదు ప్రైవేటు ల్యాబు సేవను మా అన్నయ్య విషయంలో వాడుకున్నాం. అందులో మెచ్చుకోదగినవీ ఉన్నాయి, సరిదిద్దుకోవలసినవీ ఉన్నాయి. రెండూ రాస్తున్నాను కాబట్టి ల్యాబు పేరు గాని, కోస్తాలో ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి పేరు గాని చెప్పడం లేదు. ఇటువంటి సేవ ఎక్కడ తీసుకున్నా ముందు ఏం అడగాలో, చేతికి వచ్చిన రిపోర్టులో ఏం వెతకాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ అక్కరకు వస్తుంది.

మేము తేల్చుకోదలచిన ప్రశ్న ఒక్కటే. అన్నయ్య కుడి ఊపిరితిత్తి పై లోబులో 3.4 సెంటీమీటర్ల అడినోకార్సినోమా (గ్రంథి కణాల నుంచి పుట్టే క్యాన్సర్) బయటపడితే లోబు మొత్తం తీశారు. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదు, ఊపిరితిత్తిని కప్పి ఉండే పైపొరలోకి కణితి వెళ్లలేదు, తీసిన లింఫ్ గ్రంథులన్నీ శుభ్రంగా ఉన్నాయి. స్టేజి 1బి, అంటే తొలి దశ, అని రాశారు. ఆ రిపోర్టు చివర్లో ‘లింఫోవాస్కులర్ ఇన్వేజన్: కనిపించలేదు’ అని, అంటే లింఫ్ నాళాల్లోకో రక్తనాళాల్లోకో కణితి చొచ్చుకువెళ్లినట్టు లేదని, ఒక్క వరుస ఉంది. ఎన్ని బ్లాకులు చూశారో, ఏ స్టెయిన్ (కండ పొరకు వేసే రంగు) మీద చూశారో, లింఫ్ నాళాల గురించి చెబుతున్నారో రక్తనాళాల గురించి చెబుతున్నారో ఎక్కడా లేదు. ఆంకాలజిస్టు ఆ వరుస కింద పెన్నుతో రెండు గీతలు గీసి, కీమో ఇవ్వాలా వద్దా అన్నది ఇక్కడ చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుందని, బ్లాకులు తీసుకుని ఇంకొకచోట చూపించమని చెప్పారు.

ఆయన ఆ ఒక్క వరుస దగ్గరే ఎందుకు ఆగారో చెప్పకపోతే ఈ సేవ మంచిచెడ్డలు అర్థం కావు. శరీరంలో మిగతా చాలా అవయవాల నుంచి వచ్చే సిరల రక్తం ముందుగా గుండె కుడి భాగానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళుతుంది. పేగుల రక్తమైతే దానికన్నా ముందు కాలేయం గుండా పోతుంది. అంటే ఆ అవయవాల్లోని కణితి నుంచి సిరలోకి జారిన కణాలకు దారిలో కనీసం ఒక సన్నని కేశనాళికల వల అడ్డు పడుతుంది. ఊపిరితిత్తి సిరలకు ఆ అడ్డు లేదు. అవి శుద్ధి అయిన రక్తాన్ని నేరుగా గుండె ఎడమ భాగానికి చేరుస్తాయి, అక్కడి నుంచి బృహద్ధమని ద్వారా అది మెదడుకు, ఎముకలకు, అడ్రినల్ గ్రంథులకు, కాలేయానికి పంపిణీ అవుతుంది. ఊపిరితిత్తి క్యాన్సర్ మళ్లీ తలెత్తినప్పుడు తరచుగా కనబడే చోట్లు కూడా ఇవే. సిర గోడను తొలిచి లోపలికి వెళ్లిన కణాలన్నీ ఇంకొకచోట వేళ్లూనుతాయని కాదు, చాలా భాగం రక్తంలోనే చచ్చిపోతాయి. కాని తలుపు తెరుచుకున్న కణితికీ తెరుచుకోని కణితికీ తేడా ఉంటుందన్నది మాత్రం దశాబ్దాల పరిశీలనల్లో మళ్లీ మళ్లీ కనిపించింది.

అయితే ఈ తేడా స్టేజి లెక్కలోకి రాదు. స్టేజి నిర్ణయించడానికి ప్రపంచమంతా వాడే టీఎన్‌ఎం పద్ధతిలో కణితి సైజు చూస్తారు, పైపొరలోకి వెళ్లిందా అని చూస్తారు, బృహద్ధమని, ఊర్ధ్వ మహాసిర, ప్రధాన ఊపిరితిత్తి ధమని వంటి పెద్ద నాళాల్లోకి చొచ్చుకుపోతే టీ4 (కణితి విస్తృతిలో చివరి మెట్టు) అంటారు. మైక్రోస్కోపు కింద మాత్రమే కనబడే చిన్న సిరల ఆక్రమణకు మాత్రం అక్కడ చోటు లేదు. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 9వ కూర్పులోనూ ఈ విషయంలో మార్పు రాలేదు. సిరల ఆక్రమణను తెలిపే వీ0, వీ1, వీ2 అనే గుర్తులు పక్కన విడిగా రాసుకోవడానికి ఉన్నాయి గాని, అవి స్టేజిని పెంచవు, తగ్గించవు. ఒకే సైజు కణితితో, శుభ్రమైన లింఫ్ గ్రంథులతో ఇద్దరు రోగులు ఉంటే, వారిలో ఒకరికి సిరల్లో క్యాన్సర్ కణాలున్నా ఇద్దరూ కాగితం మీద 1బి గానే ఉంటారు. స్టేజి 1 క్యాన్సర్‌ను పూర్తిగా కోసి తీసేశాక కూడా కొందరిలో అది ఎందుకు తిరిగి వస్తుందన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఇది ముఖ్యమైనది. తొలి దశ రోగుల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన విశ్లేషణల్లో, రక్తనాళాల ఆక్రమణ ఉన్నవారిలో క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు లేనివారితో పోలిస్తే సుమారు రెట్టింపు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువగా తేలింది. ఇవి చాలావరకు పాత రికార్డులు తిరగేసి చేసిన అధ్యయనాలని, సిరల ఆక్రమణ ఉన్న కణితులు తరచుగా పెద్దవిగా, ఉగ్రమైన నిర్మాణంతో ఉంటాయని కూడా గుర్తుపెట్టుకోవాలి. సైజు, గ్రేడు వంటివి లెక్కలో సర్దిన తరువాత కూడా తేడా నిలిచిన అధ్యయనాలు చాలా ఉన్నాయి కనుకనే అమెరికాలోని క్యాన్సర్ కేంద్రాల కూటమి ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు ఆపరేషన్ తరువాత కీమో గురించి ఆలోచించవలసిన అధిక ముప్పు లక్షణాల్లో రక్తనాళాల ఆక్రమణను పేరు పెట్టి చేర్చాయి.

ఇక సేవ విషయానికి వస్తాను. ఫోను చేసినప్పుడు వారు మొదట అడిగిన మాట నాకు నచ్చింది: స్లైడ్లు చాలవు, కణితి ఉన్న బ్లాకులు కూడా పంపగలరా అని. ఇది చిన్న విషయం కాదు. ఆసుపత్రి నుంచి మామూలుగా చేతికి ఇచ్చేవి హెచ్ అండ్ ఈ స్టెయిన్ వేసిన గులాబీ, ఊదా రంగుల స్లైడ్లు. అవే స్లైడ్లను ఇంకొక డాక్టరు చూస్తే రెండో కన్ను పడుతుందే గాని కొత్త ఆధారమేమీ దొరకదు. కొత్త స్టెయిన్ వేయాలంటే బ్లాకులోంచి మళ్లీ పలుచటి పొరలు కోయాలి. అందుకని స్లైడ్లు మాత్రమే పంపితే చాలు, మర్నాడే రిపోర్టు ఇస్తామని చెప్పే చోట్ల ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని ఆశ పెట్టుకోనక్కరలేదు. ఆసుపత్రి పాథాలజీ విభాగంలో ఒక అర్జీ, రోగి గుర్తింపు కార్డు నకలు, రిజిస్టరులో సంతకం ఇచ్చి బ్లాకులు తెచ్చుకున్నాం. అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ గూట్లో పోసిన తెల్లని మైనం, దాని మధ్యలో బూడిద రంగు కండ ముక్క, అంచున కేసు నంబరు. ఎండలో మైనం మెత్తబడకుండా థర్మాకోల్ పెట్టెలో సర్ది పంపమని ల్యాబువారు రాతపూర్వకంగా సూచనలు పంపారు. పార్సిల్ అందగానే ఎన్ని బ్లాకులు, ఎన్ని స్లైడ్లు అందాయో, వాటి మీది నంబర్లేమిటో మెయిల్ కూడా పెట్టారు. ఈ క్రమశిక్షణకు పూర్తి మార్కులు వేయవచ్చు.

రిపోర్టు మాత్రం నిజంగా బాగుంది. ఈ సమీక్ష రాయాలనిపించింది అది చదివాకే. కణితి ఉన్న ప్రతి బ్లాకు మీదా సాగే నార కనబడేలా చేసే వెర్‌హాఫ్ వాన్ గీసన్ స్టెయిన్ వేశారు. సిరల గోడల్లోనూ ధమనుల గోడల్లోనూ ఉండే సాగే నార ఈ స్టెయిన్‌తో నల్లగా, కొలాజెన్ ఎర్రగా, మిగతాది పసుపుగా కనబడుతుంది. కణితి ఒక సిరలోకి చొచ్చుకువెళ్లి దాన్ని పూర్తిగా నింపేసినప్పుడు మామూలు హెచ్ అండ్ ఈ స్లైడు మీద అది సిర అని పోల్చుకోవడం నిపుణులకు కూడా కష్టమే, ఎందుకంటే లోపల రక్తం ఉండదు, గోడ కణితిలో కలిసిపోయి ఉంటుంది, గులాబీ రంగు మధ్యలో ఇంకొంచెం గులాబీ రంగు తప్ప ఏమీ తేలదు. అదే చోట సాగే నార స్టెయిన్ వేస్తే కణితి ముద్ద చుట్టూ నల్లని గీతల వలయం బయటపడుతుంది. రిపోర్టులో జతచేసిన ఫోటోలు రెండూ ఒకే చోటువి. మొదటిది హెచ్ అండ్ ఈ, అందులో మామూలు కంటికి కణితి తప్ప ఏమీ లేదు. రెండోదానిలో ఆ కణితి కణాల గుంపుల చుట్టూ నల్లని నార ఉంగరం, ఒక పక్కన రెండు పొరలుగా చీలి, ఇంకొక పక్కన తెగిపోయి ఉంది. పక్కనే శ్వాసనాళం లేదు. ఊపిరితిత్తిలో ధమని శ్వాసనాళం వెంట నడుస్తుంది, సిర మాత్రం చిన్న భాగాలను విడదీసే పొరల్లో వేరుగా సాగుతుంది. ఇది సిరేనని, అంటే కణితి సిరలోకి వెళ్లిందని పాథాలజిస్టు నిర్ణయించడానికి చూపిన కారణాల్లో ఇదొకటి. ఏ బ్లాకుల్లో కనిపించింది, కణితి లోపలా అంచునా అన్నవి కూడా రాశారు.

అంతేకాదు, లింఫ్ నాళాల సంగతి విడిగా తేల్చారు. డీ2-40 అనే మార్కరు లింఫ్ నాళాల లోపలి పొరను పట్టుకుంటుంది, రక్తనాళాల పొరను పట్టుకోదు. ఆ పరీక్షలో లింఫ్ నాళాల్లో కణితి లేదని వచ్చింది. ఈ రెంటినీ ఒకే వరుసలో ముడిపెట్టి రాసే అలవాటు చాలా రిపోర్టుల్లో ఉంది. కాని లింఫ్ నాళాల ఆక్రమణ మొదట లింఫ్ గ్రంథుల వైపు, సిరల ఆక్రమణ దూరపు అవయవాల వైపు దారి చూపుతాయి కాబట్టి, లింఫ్ గ్రంథులు శుభ్రంగా ఉన్న రోగిలో సిరల సంగతి విడిగా తెలియడమే ఎక్కువ అవసరం. జపాన్‌లో అనేక కేంద్రాలు ఊపిరితిత్తి కణితులకు సాగే నార స్టెయిన్‌ను మామూలు పరీక్షగానే వేస్తాయి. ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాల్లో పెద్ద వాటా ఆ దేశానిదే కావడానికి అదొక కారణం. మన దగ్గర దీన్ని అడిగి వేయించుకోవలసి వస్తోంది. స్టెయిన్ ఖరీదైనదీ కాదు, కొత్తదీ కాదు.

పాథాలజిస్టు నిజాయితీ ఇంకొకచోట కనిపించింది. ఒక బ్లాకులో నాళంలా తోచిన ఖాళీలో కణితి కణాలున్నా, దాన్ని ఆక్రమణగా లెక్కించలేదని, కండను భద్రపరిచే ఫార్మలిన్‌లో కండ కుంచించుకుపోవడం వల్ల కణితి చుట్టూ ఖాళీ ఏర్పడి నాళంలా కనబడవచ్చని రాశారు. రెండో అభిప్రాయం ఇచ్చేవారికి ఏదో ఒక కొత్త సంగతి కనిపెట్టి చూపాలన్న తాపత్రయం ఉంటుందేమోనని నాకు మొదటి నుంచీ అనుమానం ఉండేది. ఆ వాక్యంతో అది తీరింది.

ఇప్పుడు లోపాలు. ధరల పట్టికలో ‘పూర్తి పునఃపరిశీలన’ అని ఒకే ధర ఉంది. డబ్బు కట్టాక, ప్రత్యేక స్టెయిన్లకు బ్లాకుకు ఇంత చొప్పున అదనమని ఇంకొక బిల్లు వచ్చింది. ఆ పరీక్షలే కదా ఇక్కడ అసలు సరుకు! అవి లేకుండా పూర్తి పరిశీలన ఏమిటని అడిగితే కౌంటరు నుంచి వచ్చిన జవాబు ‘అది సిస్టమ్‌లో అలాగే ఉంటుంది సార్’ అని. మొత్తం ఖర్చు భరించలేనిదేమీ కాదు, కాని ముందే చెప్పవలసిన విషయం. రిపోర్టు తొలి ప్రతిలో ఆక్రమణ కనబడిన బ్లాకుల నంబర్లు లేవు. మెయిల్ రాస్తే సవరించిన ప్రతి పంపారు, అందుకు విసుక్కోలేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది రిపోర్టుకు చివర జతచేసిన రంగురంగుల ‘ముప్పు అంచనా’ పత్రం. ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఒక పట్టీ, దాని మీద బాణం గుర్తు, పక్కన ఒక శాతం. ఆ శాతం ఏ రోగుల లెక్కల నుంచి వచ్చిందో, ఎన్నేళ్ల కాలానికో, తిరగబెట్టడానికా ప్రాణాపాయానికా అన్నది పత్రంలో లేదు, ఫోనులో అడిగినా తేలలేదు. అన్నయ్య రెండు రోజులు ఆ అంకె చుట్టూనే తిరిగారు. అంతర్జాతీయ ఊపిరితిత్తి క్యాన్సర్ సంఘం స్టేజి పద్ధతి 8వ కూర్పు కోసం సేకరించిన సమాచారంలో, ఆపరేషన్ తరువాత 1బి గా తేలినవారిలో అయిదేళ్లు బతికి ఉన్నవారు 73 శాతం. అది పెద్ద సమూహానికి చెందిన సగటు, సిరల ఆక్రమణ ఉన్నవారూ లేనివారూ అందులో కలిసే ఉన్నారు. ఆక్రమణ ఉంటే ఆ సగటుకు కింది వైపు, లేకపోతే పై వైపు ఉండే అవకాశం ఎక్కువని చెప్పవచ్చు. ఫలానా మనిషికి ఇంత శాతమని ఒక స్టెయిన్ చూసి లెక్కగట్టే పద్ధతి ఏదీ స్థిరపడలేదు. ఆ పత్రాన్ని ల్యాబు తీసేస్తేనే మంచిది. ముందు పేజీల్లో అంత జాగ్రత్తగా రాసిన పాథాలజిస్టు మాటలకు అది పూర్తిగా విరుద్ధం.

సంప్రదింపు కూడా బలహీనంగానే ఉంది. ఫోనులో మాట్లాడించినది పాథాలజిస్టుతో కాదు, సమన్వయకర్తతో. ఆమె మర్యాదగా మాట్లాడారు గాని, స్టేజి మారిందా అన్న అన్నయ్య ప్రశ్నకు ‘అవునండీ, కొంచెం పెరిగినట్టే’ అన్నారు. పెరగలేదు. స్టేజి 1బి గానే ఉంది, ముప్పు అంచనా ఒకటే మారింది. రోగి కుటుంబానికి ఈ రెంటి మధ్య తేడా చాలా పెద్దది. తెలుగులో అర పేజీ వివరణ జతచేసినా ఈ గందరగోళం తప్పేది.

రిపోర్టు అసలు విలువ ఆంకాలజిస్టు గదిలో తేలింది. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పులు లేవని అప్పటికే తెలిసింది. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండి ఉంటే, ఆపరేషన్ అయిన 1బి నుంచి 3ఏ దాకా రోగుల మీద జరిగిన అడౌరా పరీక్ష ఆధారంగా ఆ మార్పును లక్ష్యం చేసుకునే ఒసిమెర్టినిబ్ మాత్రల ప్రస్తావన వచ్చేది, అప్పుడు సిరల సంగతి అంత నిర్ణాయకం అయ్యేది కాదు. మిగిలింది కీమోనా, స్కాన్లతో కనిపెట్టుకుని ఉండటమా అన్నదే. డాక్టరు రెండు వైపులా చెప్పారు. అనేక పరీక్షల ఫలితాలను కలిపి లెక్కకట్టి 2008లో వెలువరించిన లేస్ విశ్లేషణలో ఆపరేషన్ తరువాత సిస్‌ప్లాటిన్ ఆధారిత కీమో వల్ల అయిదేళ్ల బతుకులో మొత్తం మీద 5.4 శాతం మేలు కనిపించినా, 1బి లో ఆ మేలు స్పష్టంగా తేలలేదు, 1ఏ లో హాని వైపే మొగ్గింది. అదే ఏడాది ఫలితాలు ప్రచురించిన సీఏఎల్‌జీబీ 9633 పరీక్ష 1బి రోగుల మీదే జరిగింది. అందులోనూ మొత్తం మీద తేడా నిలవలేదు, 4 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న కణితుల్లో మాత్రం ప్రయోజనం కనిపించింది. అన్నయ్య కణితి అంతకన్నా చిన్నది. మరోవైపు సిరల ఆక్రమణ వల్ల ముప్పు ఎక్కువ, కాని అది ఉన్నవారిని మాత్రమే తీసుకుని కీమో ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పోల్చిన పెద్ద పరీక్షల బలం ఈ చికిత్స వెనక లేదు. ముప్పు ఎక్కువని తెలిసినంత గట్టిగా, మందు ఆ ముప్పును ఎంత తగ్గిస్తుందో తెలియదని ఆయన దాచకుండా చెప్పారు. కిడ్నీలు, గుండె బాగున్నాయి, వయసు అరవై దాటి ఎక్కువ కాలేదు కనుక అన్నయ్య నాలుగు విడతల కీమోకు ఒప్పుకున్నారు. వద్దని ఆరు నెలలకొకసారి సీటీ స్కాను చాలనుకున్నా అది తప్పని ఎవరూ అనలేరు. పాత రిపోర్టు మీదే ఉండిపోతే అసలు ఈ చర్చే జరిగేది కాదు.

ఇది అందరూ డబ్బు పెట్టవలసిన సేవ మాత్రం కాదు. లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ ఉందని తేలినవారికి కీమో ఎలాగూ ఉంటుంది, సిరల సంగతి తెలిసినా దారి మారదు. ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన చిన్న బయాప్సీ మీద ఈ ప్రశ్న అడగడమే వృథా, అంత చిన్న ముక్కలో కనిపించకపోవడానికి అర్థం లేదు. మొదటి రిపోర్టులోనే సాగే నార స్టెయిన్ వేశామని, ఇన్ని బ్లాకులు చూశామని రాసి ఉంటే మళ్లీ చేయించనక్కరలేదు. 3 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య కణితి, శుభ్రమైన లింఫ్ గ్రంథులు, కీమో మీద డాక్టరుకే సందిగ్ధం ఉన్నవారికి ఇది నూటికి నూరుపాళ్లు పనికివస్తుంది. అంతకన్నా చిన్న కణితి ఉన్నవారిలో చికిత్స మారకపోవచ్చు, స్కాన్ల విషయంలో ఎంత పట్టుగా ఉండాలో తెలుస్తుంది. వారు ముందుగా తమ ఆంకాలజిస్టునే ‘ఈ జవాబు వస్తే మీరు ఏం మారుస్తారు’ అని అడిగి, ఏమీ మారదంటే ఆ డబ్బు మిగుల్చుకోవడం మేలు.

బ్లాకులు పంపేవారు ఒక విషయం రాతలో అడగాలి. కొత్త స్టెయిన్ల కోసం కోసే ప్రతి పొరతోనూ బ్లాకులో కణితి తరిగిపోతుంది. రేపు జన్యు పరీక్షకో, ఇమ్యూనోథెరపీ పనికివస్తుందేమో తెలిపే పీడీ-ఎల్1 పరీక్షకో, ఇంకేదైనా కొత్త మందు అర్హత తేల్చడానికో ఆ ముక్కే కావాలి. ఈ ల్యాబు మేము అడగకముందే కణితి ఎక్కువగా ఉన్న ఒక బ్లాకును సాగే నార స్టెయిన్‌కు వాడిన తరువాత ఇక కోయకుండా పక్కన పెట్టి, అందులో ఇంకా తగినంత కణితి ఉందని రిపోర్టులోనే నమోదు చేసింది. బ్లాకులను తిరిగి పంపడంలో మాత్రం జాప్యం జరిగింది, రెండు మూడుసార్లు గుర్తుచేయవలసి వచ్చింది. పంపిన నంబర్లతో సరిచూసుకుని వాటిని ఆసుపత్రి పాథాలజీ విభాగానికే అప్పగించి, రిజిస్టరులో తిరిగి చేరినట్టు సంతకం చేయించుకున్నాం.